హెడ్‌ఫోన్ కాదు

చెవుల్లో పెట్టుకునే పసుప్పచ్చ స్పాంజి బిరడాలు ఆ కంపెనీలో కొత్తల్లుడి లాంటివి. పండక్కి తప్ప కనపడవు. పండగంటే తనిఖీ. కార్ల కంపెనీ వాళ్ళు తాము కొనే రేకు సామాను ఎలాంటి చోట తయారవుతోందో చూడటానికి వచ్చే రోజు. ఆ పొద్దున సూపర్‌వైజర్ గోపాలన్ స్టీలు ట్రేలో బిరడాలు పెట్టుకుని, పెళ్ళిలో తాంబూలం పంచినట్టు, రేకులు కొట్టే ఒక్కో ప్రెస్సు దగ్గరికీ తిరుగుతాడు.

ఆ శనివారం కూడా అలాగే పంచాడు. జీవా తనకిచ్చిన జతను వేళ్ళ మధ్య నలిపి, సన్నగా చేసి, చెవుల్లోకి దోపుకున్నాడు. లోపల స్పాంజి మెల్లగా ఉబ్బింది. ప్రెస్సు దెబ్బ దూరంగా జరిగిపోయింది. రేకు పెట్టడం, చేతులు వెనక్కి తీయడం, రెండు మీటలూ ఒకేసారి నొక్కడం, దెబ్బ పడటం, ముక్క తీసి బుట్టలో వేయడం. పని అదే. కానీ దెబ్బ పడినప్పుడు పళ్ళు కరుచుకోవడం లేదని అతనికి తెలిసింది. ఇంతకాలం కరుచుకుంటూ ఉన్నానని కూడా అప్పుడే తెలిసింది.

వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుని, టీ తాగి, మధ్యాహ్నం భోజనాల లోపే వెళ్ళిపోయారు. వాళ్ళ కారు కాకళూరు ఎస్టేటు దాటిందో లేదో, గోపాలన్ అదే ట్రేతో మళ్ళీ వచ్చాడు. "ఎల్లారుం కుడుంగప్పా" అంటూ, అందరూ ఇచ్చెయ్యమని ట్రే ముందుకు చాపాడు. అందరూ బిరడాలు లాగి అందులో పడేశారు. వాటిని కడిగి వచ్చే తనిఖీకి దాస్తారు. ఎవరి చెవి గుమిలి ఎవరి చెవిలోకి పోతుందో ఆ మురుగన్‌కే ఎరుక. రోజూ ఎందుకివ్వరని అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలుసు. బిరడా పెట్టుకుంటే పక్కవాడు కేకేసినా వినపడదట, ప్రమాదమట! బిరడా లేకపోయినా ఆ షెడ్డులో కేక వినపడదు. టీ కావాలన్నా, నూనె కావాలన్నా, సూపర్‌వైజర్ వస్తున్నాడన్నా చేతి సైగే.

జీవా తన జతను ట్రేలో వెయ్యలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు. పక్క ప్రెస్సు మీద పనిచేసే ఏసు అది చూశాడు. ప్రెస్సులు ఆగి, భోజనాల దగ్గర మాట వినపడే చోటు దొరికాక అడిగాడు.

"ఏమిరా, ఆ ఎంగిలి స్పాంజి జేబులో ఏసుకున్నావు? నీ పెండ్లాం యువరాణి గురక పెడతాదా?"

"ఎంగిలి యాడిదిరా, నాదే గదా. హెడ్‌ఫోన్ కాదుకి కావాల. చూడు, అదిమితే ఎంత నిదానంగా లేస్తాదో. కొనుక్కుందామన్నా ఇట్లాంటి సరుకు దొరకదు."

తమిళంలో చెవిని కాదు అంటారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే తిరుత్తణి వైపు మనుషులకి రెండు భాషల మధ్య తలుపుండదు. హెడ్‌ఫోనుకి అటూ ఇటూ ఉండే గిన్నెల్ని జీవా ఎడమ కాదు, కుడి కాదు అంటాడు. ఏసుకి ఆ మాటలు అలవాటే.

"నీ చెవిలో పెట్టుకోమని ఇస్తే హెడ్‌ఫోన్ చెవిలో పెడతావా? బాగుండాది నీ యవ్వారం," అన్నాడు ఏసు. చుట్టూ కూచున్నవాళ్ళంతా నవ్వారు. జీవా కూడా నవ్వాడు.

అతనికి నవ్వడానికి కారణం ఉంది. ఆ షెడ్డులో ఇంక ఎక్కువ రోజులుండనని లోపల ఒక ధైర్యం. తిరువళ్ళూరులో ఉండే ధరణి అనే అమ్మాయి మద్రాసులో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండు పని చేస్తుంది. వాళ్ళది వెనక జాలీ ఉండే రకం హెడ్‌ఫోను. అలాంటిది గాలి ఆడనిస్తుంది, పాట గదిలో వినిపిస్తున్నట్టుంటుంది. కానీ కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టుగా ఎప్పుడూ సరిగ్గా ఉండదు. శబ్దం ఒకచోట ఉబ్బు, ఒకచోట పీలిక. విప్పి, లోపల ఇంత ఫెల్టు, అంత టేపు పెట్టి దాన్ని దారికి తేవాలి. ఆ పని జీవాకి వచ్చు. ముందు ఒకటి చేసిమ్మంది ధరణి. బాగుంటే స్టూడియోలో ఉన్నవన్నీ, వాళ్ళకి తెలిసిన స్టూడియోలవీ అతని చేతికే వస్తాయి. అప్పుడు ప్రెస్సుకి ఒక దండం. యువరాణి అయితే ఆ సంగతి పుట్టింటికి చెప్పేసింది కూడా.

* * *

ఆదివారం పొద్దున యువరాణి కుట్టుమిషను మూసి, దాని మీద పాత దుప్పటి పరిచాడు జీవా. ధరణి ఇచ్చిన హెడ్‌ఫోనును వెల్లకిలా పడుకోబెట్టి, మెత్తలు తిప్పి ఊడదీశాడు. చిన్న చిన్న మరలు విప్పి పాలగిన్నె మూత మీద పెట్టాడు. లోపలి పలకను లేపేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మధ్యలో ఉండే గుండ్రటి డ్రైవరే పాట పుట్టే చోటు. దాని మీద పొర ఉల్లిపొర కన్నా పల్చన, గట్టిగా ఊపిరి తగిలినా ముడత పడుతుంది.

వెనక గాలిరంధ్రాల మీద మందులషాపులో దొరికే కాగితం టేపు అంటించాడు. సూదితో అక్కడక్కడ పొడిచాడు. మద్దెల దెబ్బ బొదబొదమనకుండా బిగుసుకుంది. పలక అదరకుండా అంచుల్లో బంకముద్ద అద్దాడు. అక్కడికి బాగానే ఉంది. మెత్తలు తగిలించి, తను ఎప్పుడూ వినే పాట పెట్టుకున్నాడు. అందులో ఒక ఆడమనిషి గొంతు, పక్కన జాలరా. అతనికి జాలరానే కొలబద్ద. ఆ కంచు తాళాలు తగిలినప్పుడు మొదటి తాకిడి, తర్వాత సన్నగా సాగే తోక, రెండూ విడివిడిగా వినపడితేనే పని అయినట్టు.

తోక వినపడలేదు. తాళాల మీద ఎవరో గుడ్డ కప్పినట్టుంది. డ్రైవరు ముందర పల్చటి టిష్యూ కాగితం ఉంది. పదును తగ్గించడానికి కంపెనీవాళ్ళు పెట్టింది. దాన్ని సగం చీల్చాడు. విన్నాడు. చాల్లేదు. మిగతా సగం కూడా తీసేశాడు. చుట్టూ ఉన్న ఫెల్టు వలయాన్ని బ్లేడుతో కోసి సన్నం చేశాడు. మళ్ళీ బిగించి, మళ్ళీ విన్నాడు. మళ్ళీ విప్పాడు. ఎవరో ఒక్కో కిటికీ తెరుస్తూ పోతుంటే చివరికి వెలుగు వచ్చినట్టు, సాయంత్రానికి తాళాల తోక వినపడింది. సన్నగానే అయినా వినపడింది. జీవా కళ్ళు మూసుకున్నాడు. ఆ నిమిషం అతనికి ప్రెస్సు లేదు, గోపాలన్ లేడు.

ఈ పనిలో అతనికొక పట్టింపు ఉంది. వినపడనిదాన్ని వినపడిందని అనడు. ఒకసారి ఒకాయన ఖరీదైన వైరు కొనుక్కొచ్చి, "తేడా తెలుస్తా ఉందా?" అని ఆశగా అడిగాడు. నాకేమీ తెలీలేదన్నాడు జీవా. ఆయన మళ్ళీ రాలేదు. రాకపోతే పీడాపోయె, చెవి మీద అబద్ధమాడితే ఇంక చేతిలో ఏముంటుంది అన్నాడు యువరాణితో.

భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి హెడ్‌ఫోను తీశాడు. యువరాణి గరిటెతో సహా నిలబడి ఉంది.

"చెవిటోడి ముందర శంకు ఊదినట్టుండాది నీతో మామా. ఎన్ని తూర్లు పిలిచేది? కుక్కరు కూసి కూసి అన్నం అడుగంటింది."

"పని మీద ఉంటే ఇనపడదు మే. రా, ఒకతూరి నువ్వూ ఇను. ఎట్ల ఉండాదో చెప్పు."

"నాకేమి తెలుస్తాది? రెండు జాకెట్లు రేపిటికి ఇయ్యాల. లేసి మిషను ఖాళీ చెయ్యి సామీ," అని వెళ్ళిపోయింది.

* * *

సోమవారం సాయంత్రం షిఫ్టు దిగి తిరువళ్ళూరు స్టేషనుకి పోయాడు. ధరణి మద్రాసు లోకల్లోంచి దిగింది. హెడ్‌ఫోను చూడగానే మొహం విప్పారింది. ప్లాట్‌ఫారం మీదే తలకి తగిలించుకుంది. జాలీలోంచి స్టేషను గోలంతా లోపలికి వస్తుంటే నవ్వి తీసేసింది.

"ఈడ తెలీదన్నా. రేపు స్టూడియోలో పెట్టి చూస్తా. మా సార్ కూడా ఎప్పుడొస్తాది, ఎప్పుడొస్తాది అని అడగతా ఉండాడు."

మంగళవారం సాయంత్రం మళ్ళీ అదే చోటుకి రమ్మంది. ఈసారి నవ్వులేదు. సంచీలోంచి హెడ్‌ఫోను తీస్తూ, బాధపడతాడేమోనని మాట వెతుక్కుంటూ అంది.

"అన్నా, మద్దెలా అదీ సూపరుగా ఉండాది. కానీ స గుచ్చుతా ఉండాది. స, శ, ష అన్నప్పుడల్లా చెవిలో ఊసితో పొడిచినట్టుండాది. మా సార్ రెండు నిమిషాలు కూడా పెట్టుకోలేకపోయినాడు."

ప్లాట్‌ఫారం చివర, గోల తక్కువగా ఉన్న బెంచీ మీద కూచున్నారు. ధరణి తన ఫోనులోంచి ఒక సీరియల్ మాటలు పెట్టింది. ఎవరో ఆడమనిషి కోడల్ని శాపనార్థాలు పెడుతోంది. జీవా చేతులతో రెండు గిన్నెల్నీ అదిమి పట్టి శ్రద్ధగా విన్నాడు.

"మెత్తంగానే ఉండాది గదమ్మా."

"ఇదిగో, ఈడ. ఇప్పుడు."

"మెత్తంగానే ఉండాది."

ధరణి అతని మొహంలోకి చూసింది. హెడ్‌ఫోను తను పెట్టుకుంది. అదే చోటు మళ్ళీ వచ్చినప్పుడు ఆమె కళ్ళు చిట్లాయి. తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, ఫోను వైరు చుట్టుకుంటూ, తల వంచుకునే అడిగింది.

"అన్నా, నీకు ఈల ఏమన్నా వస్తా ఉంటాదా?"

"రైలా? వస్తా ఉండాదిలే, అరక్కోణం బండి. నేను దాంట్లోనే పోవాల. హెడ్‌ఫోను ఇట్లియ్యి, మల్లా చూస్తా," అన్నాడు జీవా లేస్తూ.

ధరణి అడిగింది చెవిలో మోగే ఈల గురించి, కానీ ఆ మాటను మళ్ళీ అడగలేదు. హెడ్‌ఫోను అతని చేతికిచ్చింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జీవాకి ఉండబట్టలేదు. ఎక్కడ తప్పు జరిగిందో ఎంతకీ అంతుపట్టడం లేదు. అసలు ప్రాబ్లం యాడుండాదో సరిగ్గా చెప్పమ్మా అని ధరణికి మెసేజి పెట్టాడు. జవాబు చాలాసేపటికి వచ్చింది. వాళ్ళంతా రాసుకునేది ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఎక్కువగా తమిళమే.

"అన్నా, ప్రాబ్లం హెడ్‌ఫోన్ కాదు. నాళైక్కు పేసలాం."

రేపు మాట్లాడుకుందాం అని తమిళంలో ఉంది. ముందు మాట కూడా అతని కంటికి తమిళంలాగే కనపడింది. ప్రాబ్లం హెడ్‌ఫోన్ చెవిలో ఉంది. అదా సంగతి! డ్రైవరుని పట్టుకుని వేలాడుతున్నాను, తప్పంతా గిన్నెలో ఉందన్నమాట. జీవాకి గుండెల మీంచి బరువు దిగింది. సాయంత్రం దాకా రేకులు పెడుతున్నాడే గాని మనసులో గిన్నెలు విప్పి బిగిస్తూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా కూచున్నాడు. జేబులోంచి దాచి తెచ్చిన పసుప్పచ్చ బిరడాలు తీసి, బ్లేడుతో గుండ్రటి పల్చటి బిళ్ళలుగా కోశాడు. వాటిని గిన్నె లోపలి గోడ చుట్టూ, జాలీకి అడ్డం రాకుండా, ఒకదాని పక్కన ఒకటి అంటించాడు. శబ్దం గోడకి కొట్టుకుని తిరిగి రాకుండా అవి మింగేస్తాయి. పాత తోలు మెత్తలు పక్కన పెట్టి మఖమలు మెత్తలు తొడిగాడు. పాట పెట్టుకున్నాడు. హాయిగా ఉంది. ఎక్కడా గుచ్చడం లేదు.

"యువరాణీ, ఒక్కతూరి రా మే. నువ్వు బాగుండాదంటే రేప్పొద్దున తీసుకోనిపోతా."

ఆమె పళ్ళతో దారం కొరికి, సూది చీర కొంగుకి గుచ్చుకుని వచ్చింది. అతను హెడ్‌ఫోను ఆమె తలకి తగిలించాడు. పాటలో ఆడగొంతు ఎత్తుకుంది. యువరాణి "అబ్బా!" అంటూ రెండు చేతులతో దాన్ని లాగి పారేసినంత పని చేసింది.

"ఏందిది మామా, చెవులు చిల్లు పడేటట్టుండాది! స్స్ స్స్ అని పాములు బుస కొట్టినట్టు! దీన్ని ఆ పాపకి ఇస్తావా?"

"యాడ? యాడ బుస కొడతా ఉండాది?"

"యాడంటే? పాటంతా!"

జీవా లాక్కుని పెట్టుకున్నాడు. మెత్తగా, తియ్యగా పాడుతోంది. అతనికి ఒళ్ళు మండింది. నీకు పాట వినడం రాదన్నాడు. కుట్టుమిషను టకటకకి నీ చెవులు పాడైనాయన్నాడు. ఫోను తీసి మెసేజి ఆమె ముందు పెట్టాడు. "చూడు. ధరణే చెప్పింది, ప్రాబ్లం కాదులో ఉండాదని. ఇప్పుడే కాదుని సరిచేసినా. ఇంకా యాడినించి వస్తాది బుస?"

యువరాణి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆమెది పూండి వైపు ఊరు, ఇంట్లో నాయనమ్మ తెలుగు తప్ప మాట్లాడనిచ్చేది కాదు. ఆ అక్షరాలు ఆమెకి తెలుగులాగే పలికాయి.

"కాదులో అని యాడుండాది మామా? హెడ్‌ఫోన్ కాదు అంట గదా. ప్రాబ్లం హెడ్‌ఫోన్ కాదు." ఆగి, ఇంకోసారి చదివింది. "హెడ్‌ఫోన్ కాదంటే... మరి ఏందంట?"

జీవా ఫోను వెనక్కి తీసుకున్నాడు.

ఫోనులో ఒక్కటే కూత పెట్టి, దాన్ని బొంగురు నుంచి సన్నం దాకా ఎక్కించుకుంటూ పోయే వసతి ఒకటి ఉంది. హెడ్‌ఫోనులో ఒకపక్క మూగబోయిందా అని చూసుకోవడానికి వాడేవాడు. ఇప్పుడు ఆ కూత పెట్టాడు. హెడ్‌ఫోను పట్టీని సాగదీసి ఒక గిన్నె తన చెవికి, రెండోది ఆమె చెవికి ఆనించాడు. ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి. పెళ్ళయిన కొత్తలో తప్ప ఎప్పుడూ అంత దగ్గరగా కూచుని పాట విన్నవాళ్ళు కారు.

"వస్తా ఉండాదా?"

"ఆ."

అతనికీ వస్తోంది. కూత సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఉన్నట్టుండి అతని పక్క దీపమారినట్టయింది.

"నిలిచిపోయింది గదా?"

"లే, వస్తా ఉండాది."

వైరు కదిలిందేమోనని నొక్కి చూశాడు. గిన్నెలు అటుది ఇటు మార్చాడు. రెండో చెవికి పెట్టుకున్నాడు. శబ్దం పెంచాడు.

"ఇప్పుడు?"

"వస్తా ఉండాది మామా. గట్టిగా వస్తా ఉండాది. తగ్గించు, నొప్పెడతా ఉండాది."

అతను తగ్గించలేదు. ఇంకా పెంచాడు. యువరాణి చెవి మూసుకుని వెనక్కి జరిగింది. అప్పుడు ఆమెకి అర్థమైంది. హెడ్‌ఫోను అతని చేతిలోంచి తీసి దుప్పటి మీద పెట్టింది. అది అక్కడ పడుకుని తన పాటికి తాను కూస్తూనే ఉంది. ఆమెకి అది గదంతా వినపడుతోంది. అతను దాని వైపే చూస్తున్నాడు.

"కుక్కరు కూస్తే పలకవు. ఎనకనించి పిలిస్తే పలకవు. పని మీద ఉండావు గదా అనుకున్నా," అంది. "ఆ షెడ్డులో ఒక్కనాడన్నా చెవికి గుడ్డపీలిక ఇచ్చినారా వాళ్ళు? వాళ్ళ నోట్లో మన్నుపొయ్య!" ఏడుస్తూ దగ్గరికి వచ్చి అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "మామా, నా గొంతు నీకు ఎట్ల ఇనపడతాది?"

పెళ్ళయినప్పుడు ఆమె గొంతు కీచుగా ఉండేది. వీధి చివరికి వినపడేది. రాను రాను ఎంత మెత్తబడిందో అని అతను ఎన్నోసార్లు మురిసిపోయాడు. కాపురంలో కుదురుకుంది, నా మీద ప్రేమతోనే అంత నెమ్మదిగా మాట్లాడుతోంది అనుకున్నాడు. ఆ మాట ఇప్పుడు ఆమెతో చెప్పలేకపోయాడు. బాగానే వినపడుతుందిలే అన్నాడు. చెవి మీద అతను ఆడిన మొదటి అబద్ధం అది.

* * *

గురువారం పొద్దున, పనికి పోయే ముందు, అంటించినవన్నీ పీకేశాడు. పసుప్పచ్చ బిళ్ళలు గోరుతో గీకాడు. కొత్త ఫెల్టు వలయం, కొత్త టిష్యూ కత్తిరించి డ్రైవరు దగ్గర పెట్టి, పాత తోలు మెత్తలే మళ్ళీ తొడిగాడు. ఎలా వచ్చిన హెడ్‌ఫోనును అలా చేశాడు. చెవికి పెట్టుకుని చూడలేదు.

సాయంత్రం ధరణి బెంచీ దగ్గర ముందే వచ్చి కూచుంది. అతని మొహం చూడగానే తెలిసిపోయింది ఆమెకి.

"నాకు నోరు రాలేదన్నా, నేరుగా అడిగేదానికి. అందుకే హెడ్‌ఫోన్ కాదు అని మాత్రం పెట్టినా. పేసలాం గదా అనుకున్నా."

"నేను తమిళం అనుకున్నా. చెవిలో ఉండాది ప్రాబ్లం అని." జీవా నవ్వబోయాడు. "ఎట్ల చదివినా కరెక్టే రాసినావు."

ఆమె నవ్వలేదు. స్టూడియోలో శబ్దాన్ని కొలిచే మైకు ఉందనీ, అది గిన్నెలో పెడితే ఎక్కడ ఉబ్బిందీ ఎక్కడ పీలికైందీ తెరమీద గీత గీసి చూపిస్తుందనీ, దాన్ని చూసి చేసుకోవచ్చుననీ గబగబా చెప్పుకుపోయింది. అతని పెదవుల వైపే చూస్తూ, ప్రతి మాటా విడదీసి, గట్టిగా చెప్పింది. పక్క బెంచీవాళ్ళు తిరిగి చూశారు. చెవిటివాడితో మాట్లాడినట్టు తనతో ఒకరు మాట్లాడటం జీవాకి అదే మొదలు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"గీత చూసి టేపు అంటించేదానికి నేనెందుకమ్మా? ఎవురైనా అంటిస్తారు," అన్నాడు. "నీకు తోడబుట్టినోడి మాదిరి చెప్తా ఉండా. స్టూడియో హెడ్‌ఫోన్లు నాకు ఇయ్యబాక. మీ సార్‌కి చెప్పు, అన్న మానేసినాడని."

తీసుకోవాలా వద్దా అన్నట్టు ధరణి చేతులు చాపింది. హెడ్‌ఫోను ఆమె ఒళ్ళో పెట్టి అతను అరక్కోణం బండి ఎక్కాడు. తలుపు దగ్గర నిలబడి, ఊరు చేరేదాకా చక్రాల చప్పుడు వింటూనే ఉన్నాడు. అది మాత్రం ఎంతైనా వినపడుతోంది.

* * *

శుక్రవారం కంపెనీలో చెవుల పరీక్ష. ఏటా వ్యాను వస్తుంది. కారియరు చేతికిస్తూ యువరాణి అతని కళ్ళలోకి చూసి చెప్పింది. "ఈయాల టెస్టు గదా మామా. ఎప్పుటి మాదిరే చేసేసి వచ్చేయ్. ఆడ ఏమీ మాట్లాడబాక. ఉండేదీ పోతే ఏమి తినేది?"

ఆమె చెప్పింది నిజమే. వాళ్ళంతా కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు. చెవి పోయిందని కాగితం మీద పడితే కంపెనీ జవాబు చెప్పుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకని కాంట్రాక్టరు ఆ మనిషినే మాన్పించేస్తాడు. అందుకే వ్యానులో ఎవరూ పరీక్ష తప్పరు. మనిషి చెవులకి హెడ్‌సెట్టు తగిలించి, ఎదురుగా కుర్చీలో కూచోబెడతారు. పరీక్ష చేసేవాళ్ళు మీట నొక్కినప్పుడల్లా సన్నటి కూత వస్తుంది. వినపడితే వేలెత్తాలి. మీట మీద వాళ్ళ బొటనవేలు కుర్చీలోంచి బాగా కనపడుతుంది. ఆ వేలు దిగితే మన వేలు లేవాలి, అంతే. పనిలో కొత్తగా చేరినవాడికి టీ ఎక్కడిస్తారో చెప్పినట్టే ఇదీ చెబుతారు. దీన్ని ఎవరూ మోసం అనుకోరు. జీవా కూడా ఏనాడూ అనుకోలేదు. అక్కడ కూచున్నప్పుడు తను చెవితో వింటున్నాడా కంటితో వింటున్నాడా అనే ఆలోచనే రాలేదు.

షెడ్డు పక్కన నీడలో వ్యాను ఆగి ఉంది. వరుసలో జీవా వెనక ఏసు. లోపల పరీక్ష చేసే అమ్మాయి, గుమ్మం దగ్గర గోపాలన్. జీవా వంతు వచ్చింది. లోపలికి ఎక్కి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఇంటి దగ్గర యువరాణి మాటకి తలూపే వచ్చాడు. మెట్టు ఎక్కేదాకా కూడా ఆ ఉద్దేశంతోనే ఉన్నాడు. కానీ ఆ అమ్మాయి బొటనవేలు మీట మీద సిద్ధంగా ఉండటం చూశాడు. వినపడనిదాన్ని వినపడిందని చెప్పడానికి తను ఆ కుర్చీలో కూచోబోతున్నాడు.

కుర్చీని గోడ వైపుకి తిప్పి కూచున్నాడు.

"ఏన్?" అంది అమ్మాయి ఆశ్చర్యపోయి, ఎందుకలా అని.

"ఇట్లే కూచుంటా మేడం," అన్నాడు.

హెడ్‌సెట్టు తగిలించింది. మొదట బొంగురు కూతలు వచ్చాయి. వేలెత్తాడు. కొంచెం సన్నవి వచ్చాయి. వేలెత్తాడు. తర్వాత ఏమీ రాలేదు. ఎదురుగా తెల్లటి రేకు గోడ. వీపు వెనక ఆ అమ్మాయి మీట నొక్కుతూనే ఉందని అతనికి తెలుసు. అతని వేలు మోకాలి మీద అదిరింది. ఊరికే ఎత్తితే నాలుగిట్లో రెండైనా తగులుతాయి. ఇంకో చేత్తో ఆ వేలుని గట్టిగా పట్టుకుని కూచున్నాడు. ఆ నిశ్శబ్దం చాలాసేపు సాగింది.

భుజం తట్టి హెడ్‌సెట్టు తీసేటప్పటికి గోపాలన్ లోపలికి వచ్చి ఉన్నాడు. ఇద్దరూ తెర వంక చూస్తున్నారు. తెరమీద గీత కొంతదూరం తిన్నగా పోయి గుంటలో పడింది. గోపాలన్ హెడ్‌సెట్టు చేతిలోకి తీసుకుని మెత్త మీద చిరుగు చూపించాడు. ఇది పాతబడింది, మెషినే సరిగ్గా లేదు, కుర్చీ తిప్పి ఇంకోసారి పెట్టమ్మా అన్నాడు తమిళంలో. అమ్మాయికి కూడా అదే తేలిక అనిపించింది కాబోలు, తలూపింది. ఇద్దరూ జీవా వైపు చూశారు. గోపాలన్ కళ్ళలో కోపం లేదు. ఊఁ అనరా, బతికిపో అన్నట్టున్నాయి.

జీవా హెడ్‌సెట్టు అందుకుని మెత్తను బొటనవేలితో అదిమి చూశాడు. చిరుగు లోతు చూశాడు. ఆ చిరుగులోంచి పోతే బొంగురు శబ్దాలు పోతాయి. సన్నవి పోవు. దాన్ని జాగ్రత్తగా కొక్కేనికి తగిలించాడు.

"మెషిన్ నల్లాదాన్ ఇరుక్కు సార్. ఎనక్కుదాన్ కేక్కలే," అన్నాడు. మెషిను బాగానే ఉంది, వినపడనిది నాకే అని. ఆ వ్యానులో అంతకుముందు ఎవరూ ఆ మాట అని ఉండరు.

గోపాలన్ తెరమీది గీతను ఇంకోసారి చూశాడు. తర్వాత, ప్రెస్సు దగ్గరికి పోవద్దనీ, రేపు కాంట్రాక్టర్ని కలవమనీ చెప్పి, మొహం తిప్పుకున్నాడు.

జీవా మెట్లు దిగాడు. ఎండ కళ్ళలో కొట్టింది. వరుసలో ఉన్నవాళ్ళంతా అతన్నే చూస్తున్నారు.

"ఏమైందిరా? ఎందుకంత సేపు?" అన్నాడు ఏసు.

"నాకు ఇనపడలేదని చెప్పేసినా."

ఏసు మొహం పాలిపోయింది. ఇద్దరూ ఒకేరోజు పనిలో చేరారు, పక్కపక్క ప్రెస్సుల మీదే నిలబడ్డారు. ఏసు పెదవులు కదిలాయి, ఏదో అన్నాడు. షెడ్డులో ప్రెస్సు దెబ్బ పడింది. జీవాకి ఆ మాట అందలేదు. ఏసు దాన్ని మళ్ళీ చెప్పలేదు.

అమ్మాయి పేరు పిలిచింది. ఏసు వ్యాను ఎక్కాడు. గోడ వైపు తిరిగి ఉన్న కుర్చీని చూస్తూ నిలబడ్డాడు. గుమ్మంలోంచి ఒక్కసారి జీవా వైపు చూశాడు. తర్వాత కుర్చీని రెండు చేతులతో పట్టుకుని, ఆ అమ్మాయికి ఎదురుగా తిప్పుకుని కూచున్నాడు. జీవా ఎండలోనే నిలబడ్డాడు. అతనికి ఏసు మీద కోపం రాలేదు. లోపల అమ్మాయి బొటనవేలు కిందికి దిగింది. ఏసు వేలు పైకి లేచింది.